ఇంగ్లీషు తరగతిలో అభ్యసన శైలులు: నమ్మకం ఎంత, రుజువు ఎంత?

టెట్, డీఎస్సీలకు చదివినవాళ్లను ఎవరిని కదిపినా అభ్యసన శైలుల గురించి గడగడా చెప్పేస్తారు. కొందరు పిల్లలు చూసి నేర్చుకుంటారు, కొందరు విని, కొందరు చేసి. ఎవరిది ఏ శైలో కనిపెట్టి ఆ తీరులో చెబితే పాఠం వంటబడుతుంది. విద్యాశాస్త్రంలో ఇంత సబబుగా వినిపించే మాట ఇంకొకటి దొరకడం కష్టం. ఇంగ్లీషు టీచర్లకైతే ఇది మరీ దగ్గరి మాట. వినడం, మాట్లాడటం, చదవడం, రాయడం కలిస్తేనే భాష కాబట్టి చెవికీ నోటికీ కంటికీ చేతికీ అందులో పని ఉంది. మరి ఒక్కో పిల్లవాడికి ఒక్కో ద్వారం తెరిస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. తరగతిలో ఏ ఇద్దరు పిల్లలూ ఒక్కలా నేర్చుకోరన్నది నిజం. ఆ తేడాలను కన్నుకీ చెవికీ చేతికీ పంచి పెట్టడం దగ్గరే లెక్క తప్పింది. అసలు తేడాలు వేరేచోట ఉన్నాయి. వాటి మీద పెట్టాల్సిన శ్రద్ధనే ఈ శైలుల మీద ఖర్చు చేస్తున్నాం.

ఈ వాదానికి ఒక్క తండ్రి లేడు. అమెరికాలో రీటా డన్, కెనెత్ డన్ దంపతులు 1970లలో విద్యార్థుల శైలిని బట్టి బోధించాలన్నారు. వాళ్ల జాబితాలో వెలుతురు, చలి, కూర్చునే తీరు కూడా ఉండేవి. డేవిడ్ కోల్బ్ అనుభవం ద్వారా నేర్చుకునే చక్రాన్ని 1984లో పుస్తకంగా తెచ్చాడు. న్యూజిలాండ్‌లో నీల్ ఫ్లెమింగ్ 1980ల చివర్లో ‘వార్క్’ అనే ప్రశ్నావళి తయారుచేశాడు. చూపు, వినికిడి, చదవడం-రాయడం, చేయడం అనే నాలుగు పెట్టెలు దానివే. ఈలోగా 1983లో హోవర్డ్ గార్డ్‌నర్ బహుళ ప్రజ్ఞల సిద్ధాంతం వచ్చింది. మన శిక్షణ తరగతుల్లో దీన్నీ అభ్యసన శైలులనీ ఒకే గాటన కట్టేస్తారు. తన సిద్ధాంతం శైలుల గురించి కాదని గార్డ్‌నరే చెప్పుకున్నా, గైడు పుస్తకాల దాకా ఆ మాట చేరినట్టు లేదు.

2004 నాటికి ఇంగ్లండ్‌లో ఫ్రాంక్ కాఫీల్డ్ బృందం లెక్క తీస్తే ఇలాంటి నమూనాలు 71 తేలాయి. వాటిలో ముఖ్యమైన 13ను ఏరి పరీక్షించారు. చాలావాటి కొలమానాలు బలహీనంగా ఉన్నాయనీ, తరగతి బోధనకు వాటిని ఆధారం చేసుకోవడం తగదనీ వాళ్ల నివేదిక సారాంశం. ఇన్ని నమూనాలు పక్కపక్కనే బతికాయంటేనే అనుమానం రావాలి. పిల్లల బుర్రలో నిజంగా అలాంటి విభజన ఉంటే, కొలిచినవాళ్లందరికీ కాస్త అటూ ఇటుగా అదే కనిపించి ఉండేది.

ఇంగ్లీషు బోధనలోకి ఈ ఆలోచనను గట్టిగా తెచ్చింది జాయ్ రీడ్. ఇంగ్లీషును రెండో భాషగా నేర్చుకుంటున్న విద్యార్థుల ఇష్టాల మీద 1987లో ‘టెసోల్ క్వార్టర్లీ’ పత్రికలో ఆమె అచ్చువేసిన సర్వే ఈ రంగంలో చాలా మందికి దారి చూపింది. చూపు, వినికిడి, శరీర చలనం, చేతిస్పర్శ, బృందంలో నేర్చుకోవడం, ఒంటరిగా నేర్చుకోవడం అనే ఆరింటి మీద ఒక్కోదానికి ఐదు చొప్పున వాక్యాలు ఇచ్చి ఎంతవరకు ఒప్పుకుంటారో గుర్తు పెట్టమంది. అరబిక్, స్పానిష్, చైనీస్, కొరియన్, జపనీస్ తదితర మాతృభాషలవాళ్లు జవాబిచ్చారు. ఎక్కువ మంది చలనానికీ స్పర్శకూ మొగ్గు చూపారు. విచిత్రమేమిటంటే, బృందంలో నేర్చుకోవడం చాలా మందికి నచ్చలేదు. ఆ కాలంలో జంటగా, గుంపుగా మాట్లాడించడమే ఆధునిక పద్ధతి అని అందరూ ప్రచారం చేస్తుండగా విద్యార్థులు మాకొద్దన్నారు. నా లెక్కలో రీడ్ సర్వే ఇచ్చిన అసలైన సమాచారం ఇదే. అయినా తర్వాతి వాళ్లు దీన్ని వదిలేసి ‘చూసేవాళ్లు-వినేవాళ్లు’ జాబితానే పట్టుకున్నారు.

ఆ ప్రశ్నావళి నిలకడ మీద కూడా సందేహాలు వచ్చాయి. వింటర్‌గర్స్ట్, డీకాపువా, ఇట్సెన్ అనే పరిశోధకులు 2001లో జవాబులను గణాంక పద్ధతిలో విడదీసి చూస్తే, రీడ్ చెప్పిన ఆరు పెట్టెలూ అలాగే విడిగా తేలలేదు. సర్వేల తయారీలో ఎదురయ్యే ఇబ్బందుల మీద రీడ్ కూడా 1990లోనే నిజాయితీగా ఒక వ్యాసం రాసింది. అదే ఏడు రెబెకా ఆక్స్‌ఫర్డ్ భాషాభ్యసన వ్యూహాల మీద పుస్తకం తెచ్చింది. పదం మరచిపోతే ఏంచేస్తావు, అర్థం కాకపోతే ఎలా ఊహిస్తావు అని ఆరా తీసే ఆమె ప్రశ్నావళి శైలుల ప్రశ్నావళుల కంటే టీచరుకు ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం. శైలి అంటే మారని స్వభావమని అర్థం వస్తుంది. వ్యూహం నేర్పించగలిగేది.

అసలు ప్రశ్న ఒక్కటే. శైలికి తగ్గట్టు చెబితే ఫలితం మెరుగవుతుందా? దీనికి జవాబు రావాలంటే ప్రయోగం ఎలా ఉండాలో 2008లో హెరాల్డ్ పాష్లర్, మార్క్ మెక్‌డేనియల్, డగ్ రోరర్, రాబర్ట్ బ్యోర్క్ స్పష్టంగా చెప్పారు. ‘చూసేవాళ్ల’ను, ‘వినేవాళ్ల’ను ముందు విడదీయాలి. ప్రతి గుంపులోనూ సగం మందికి బొమ్మలతో, సగం మందికి వినిపించి, ఎవరు ఎటో చీటీ వేసినట్టు యాదృచ్ఛికంగా ఎంచి చెప్పాలి. చివర్లో అందరికీ ఒకే పరీక్ష. చూసేవాళ్లు బొమ్మలతో, వినేవాళ్లు వినికిడితో ఎక్కువ మార్కులు తెచ్చుకుంటేనే వాదం నిలిచినట్టు. రెండు గుంపులకూ బొమ్మలే మేలు చేస్తే అది శైలి గొప్పతనం కాదు, బొమ్మల గొప్పతనం. ఈ షరతుకు నిలబడ్డ అధ్యయనాలు వాళ్లకు దాదాపు కనిపించలేదు. పద్ధతి సరిగ్గా ఉన్న కొన్నింటిలో ఫలితం వాదానికి ఎదురు తిరిగింది.

తర్వాత వచ్చినవాటిలో భాషకు దగ్గరగా ఉన్నది బెత్ రొగౌస్కీ బృందం పని. 2015లో పెద్దవాళ్లతో, 2020లో ఐదో తరగతి పిల్లలతో చేసి చూశారు. ఇది నేరుగా గ్రహణం మీద పరీక్ష, అంటే విన్నదీ చదివిందీ ఎంత అర్థమైందని. వినడమే ఇష్టమన్నవాళ్లు వినికిడి గ్రహణంలో ముందుండలేదు. పైగా ఐదో తరగతి పిల్లల్లో ‘చూసి నేర్చుకునే’వాళ్లు చదవడంలోనూ వినడంలోనూ మిగతావాళ్ల కంటే మెరుగ్గా తేలారు. అంటే ‘నువ్వు చెవి మనిషివి’ అని ముద్ర వేసి పుస్తకం పక్కన పెట్టించడం ఆ పిల్లవాడికి చేసే మేలు కాదు, కీడు. ఇండియానా విశ్వవిద్యాలయంలో శరీర నిర్మాణ శాస్త్రం చదివే విద్యార్థుల మీద పోలీ హస్మన్, వాలెరీ ఓలాఫ్లిన్ చేసిన అధ్యయనంలో చాలామంది ఇంటి దగ్గర తమ వార్క్ శైలి ప్రకారం చదవనేలేదు. చదివినవాళ్లకూ ప్రత్యేకంగా మార్కులు పెరగలేదు.

ఎదుటి పక్షం వాదన కూడా చెప్పుకోవాలి. 2024లో వర్జీనియా క్లింటన్-లిసెల్, క్రిస్టీన్ లిట్జింగర్ అప్పటిదాకా వచ్చిన ప్రయోగాలన్నీ కలిపి లెక్కగట్టారు. శైలికి తగ్గట్టు చెప్పినప్పుడు సగటున కొంత లాభం కనిపించింది. గణాంకాల భాషలో 0.31 ప్రభావం, కొట్టిపారేయదగ్గ అంకె కాదు. కానీ పాష్లర్ బృందం కోరిన ఆ అడ్డంగా దాటే ఫలితం, అంటే ఒక్కో గుంపుకు దాని పద్ధతే మేలు చేయడం, 26 శాతం కొలతల్లోనే కనిపించింది. ఇంత చిన్న, ఇంత అరుదైన లాభం కోసం బడులు ఖర్చు పెట్టనక్కర్లేదని వాళ్ల తీర్మానం. కొట్టివేతకూ సమర్థనకూ మధ్య ఉన్న ఈ తీర్పే నాకు సరైనదిగా కనిపిస్తుంది.

భాషాబోధనలో మాత్రం ఒక మినహాయింపు ఉంది. దాన్ని శైలుల సమర్థకులు కూడా పెద్దగా వాడుకోరు. కెనడాలో ప్రభుత్వోద్యోగులకు ఫ్రెంచి నేర్పే కార్యక్రమంలో మార్జొరీ వెష్ 1981లో వివరించిన ప్రయోగం అది. భాషాసహజసామర్థ్య పరీక్ష పెట్టి, వ్యాకరణాన్ని విడదీసి చూడగలవాళ్లకు విశ్లేషణ పద్ధతినీ, జ్ఞాపకం బలంగా ఉన్నవాళ్లకు మరో పద్ధతినీ కేటాయించారు. పొంతన కుదిరినవాళ్లకు ఫలితాలు బాగా వచ్చాయి. ఇక్కడ కొలిచింది ‘నీకు ఏది ఇష్టం’ అనే ప్రశ్నకు జవాబును కాదు, చేసి చూపించిన సామర్థ్యాన్ని. ఈ తేడా చాలా పెద్దది. ఇష్టం వేరు, సత్తా వేరు. ఇష్టమైన తీరులో నేర్చుకున్నప్పుడు ‘నాకు బాగా వచ్చేసింది’ అనిపిస్తుందనీ, అసలు జ్ఞాపకం మాత్రం అంతే ఉంటుందనీ 2017లో అబీ నోల్ బృందం చూపించింది. టీచర్లకు ఈ నమ్మకం వదలకపోవడానికి సగం కారణం ఇదే అనుకుంటాను. పిల్లవాడి ముఖంలో తృప్తి కనిపిస్తుంది, పాఠం ఎక్కిందనుకుంటాం.

నమ్మకమైతే గట్టిదే. 2020లో ఫిలిప్ న్యూటన్, అథర్వ సాల్వి అనేక దేశాల సర్వేలను కలిపి చూస్తే, శైలికి తగ్గట్టు చెబితే మేలని నమ్మే అధ్యాపకులు 89.1 శాతం. ఇందులో టీచర్ల తెలివితక్కువతనం ఏమీ లేదు. వాళ్లకు కనిపించేది నిజమే: నిన్న అర్థం కానిది ఈరోజు ఒక బొమ్మతో, ఒక నాటకంతో అర్థమైంది. అది ఆ ఒక్కరి శైలి వల్ల కాదు, రెండో దారిలో చెప్పడం వల్ల వచ్చిన లాభం. అలన్ పైవియో 1971 నుంచి చెప్పిన ద్వంద్వ సంకేత సిద్ధాంతం ఇదే. మాటా బొమ్మా కలిసొస్తే జ్ఞాపకం బలపడుతుంది, అదీ దాదాపు అందరికీ.

మన దగ్గర ఈ నమ్మకం చుట్టూ వ్యాపారం కూడా మొదలైంది. పిల్లల వేలిముద్రలు తీసి, ఏ ప్రజ్ఞ ఎంత శాతం, ఏ శైలి అని రంగురంగుల నివేదిక చేతిలో పెట్టే ‘డీఎంఐటీ’ పరీక్షలను ప్రైవేటు బడులలో, అపార్ట్‌మెంట్లలో తల్లిదండ్రులకు అంటగడుతున్నారు. వేలిముద్రల గీతలతో మెదడు శైలి చెప్పగలమనడానికి ఆధారం లేదు. భారతీయ మనోవైద్యుల సంఘం కూడా దీనికి వ్యతిరేకంగానే ప్రకటన చేసింది. జాతకం మీద నమ్మకం పోయిందనుకుంటున్న ఇళ్లలోకి అది స్కానర్ రూపంలో తిరిగొచ్చింది.

ముద్ర వల్ల ఇంకో నష్టమూ ఉంది. ‘చేసి నేర్చుకునేవాడు’ అనే బిరుదు వినడానికి బాగానే ఉంటుంది. కానీ అమెరికాలో 2023లో వెలువడిన ఒక అధ్యయనంలో పిల్లలూ తల్లిదండ్రులూ టీచర్లూ కూడా చూసి నేర్చుకునేవాళ్లే చేతులతో నేర్చుకునేవాళ్ల కంటే తెలివైనవాళ్లని భావించారు. చదువులో వెనుకబడ్డ పిల్లవాడికి మనం ఏ బిరుదు ఇస్తామో ఆలోచిస్తే ఈ ఫలితం ఆశ్చర్యం కలిగించదు.

కాబట్టి పద్ధతిని ఎంచేటప్పుడు పిల్లవాణ్ని చూసి ‘వీడు ఏ రకం’ అనడం కంటే, పాఠాన్ని చూసి ‘ఇది ఏ రకం’ అనడం మేలు. తెలుగు పిల్లలకు ఇంగ్లీషు నేర్పేచోట ఇది బాగా తెలుస్తుంది. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి మన నోట బస్ బస్సు అవుతుంది, రోడ్ రోడ్డు అవుతుంది. ఈ అలవాటు తప్పించాలంటే ఎన్ని చార్టులు గోడకు తగిలించినా లాభం లేదు. వినాలి, అనాలి, మళ్లీ వినాలి. ‘రికార్డ్’ అనే మాట నామవాచకంగా వచ్చినప్పుడు ఒత్తు మొదటి అక్షరం మీద, క్రియగా వచ్చినప్పుడు రెండో అక్షరం మీద పడుతుంది. ఇది కళ్లతో నేర్చుకునే విషయం కాదు. చూసి నేర్చుకునేవాడైనా చెవినే నమ్ముకోవాలి. అదే స్పెల్లింగు దగ్గరికొస్తే చెవి మోసం చేస్తుంది. ‘రైట్’ అని ఒక్కలాగే పలికే మాట రాయడానికి ఒకలా, కుడివైపుకు ఇంకోలా అక్షరాలు కూర్చుకుంటుంది. ఉన్నది ఉన్నట్టు పలికే లిపితో పెరిగిన మన పిల్లలకు ఇది వింతే. అక్కడ కన్ను కావాలి, పలుసార్లు రాసిన చెయ్యి కావాలి. ‘చెవి మనిషి’కి కూడా. ఇక అర్థం సంగతి. జ్ఞాపకంలో ఎక్కువగా మిగిలేది శబ్దమో దృశ్యమో కాదు, అర్థమేనని మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ విల్లింగ్‌హామ్ ఎంతో కాలంగా చెబుతున్నాడు. పదాలు చదవడంలో, వినడంలో, సందర్భంలో వాడటంలో మళ్లీ మళ్లీ తారసపడాలి. అందుకే భాషాబోధన పరిశోధకుడు పాల్ నేషన్ భాషాపాఠాన్ని అర్థం కోసం వినడం-చదవడం, అర్థం కోసం మాట్లాడటం-రాయడం, భాషనే పట్టి చూసే అభ్యాసం, ధారాళత అనే నాలుగు పోగులుగా నేయాలన్నాడు. ఈ నాలుగూ ప్రతి పిల్లవాడికీ కావాలి.

మరి పిల్లల మధ్య తేడాల మాటేమిటి? ఉన్నాయి, అవీ సామాన్యమైనవి కావు. ఒకే ఏడో తరగతిలో ఇంగ్లీషు కథ చదివి చెప్పగలిగే పిల్ల, అక్షరాలు కూడబలుక్కునే పిల్లవాడు పక్కపక్కన కూర్చుంటారు. 2023 అసర్ నివేదికలో 14-18 ఏళ్ల గ్రామీణ యువతలో ఇంగ్లీషు వాక్యాలు చదవగలిగినవాళ్లు 57.3 శాతమే. మిగతా 40 శాతం పైచిలుకు మందికి శైలి సమస్య కాదు, మెట్టు సమస్య. ప్రథమ్ సంస్థ అనుసరించే ‘తగిన స్థాయిలో బోధన’ పద్ధతి వయసునూ తరగతినీ పక్కన పెట్టి, ఎవరు ఎక్కడ ఉన్నారో అక్కడి నుంచే గుంపులు కట్టి చెబుతుంది. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లోలు ముంబై, వడోదరల నుంచి మొదలుపెట్టి చేసిన పరీక్షల్లో దీనికి బలమైన ఆధారాలు వచ్చాయి. కార్తీక్ మురళీధరన్ బృందం దిల్లీలో పరీక్షించిన కంప్యూటర్ పాఠాలూ ప్రతి పిల్లవాడి స్థాయికే సర్దుకున్నాయి, నాలుగున్నర నెలల్లోనే హిందీ, గణితాల్లో స్పష్టమైన లాభం కనిపించింది. ఇవి ఎక్కువగా మాతృభాష, లెక్కల మీద జరిగినవి. ఇంగ్లీషుకు యథాతథంగా దిగుమతి చేసుకోలేం. అయినా శైలి కంటే స్థాయి మీద పెట్టిన కష్టం ఫలించే అవకాశం ఎక్కువని చూపడానికి చాలు. తెలంగాణలో 2022లో వచ్చిన ‘తొలిమెట్టు’ కార్యక్రమం ఆలోచన కూడా పునాదులు, స్థాయిలే.

ఇంట్లో ఇంగ్లీషు ఎంత వినబడుతుంది అన్నది రెండో తేడా. దానికి కొంత విరుగుడు తెలుగే. ఆంధ్రప్రదేశ్‌లో 2020 ప్రాంతంలో, తెలంగాణలో 2022లో ప్రభుత్వ బడుల్లోకి వచ్చిన ద్విభాషా పాఠ్యపుస్తకాల్లో ఒక పుట ఇంగ్లీషు, ఎదురుపుట తెలుగు. మాధ్యమం మీద రాజకీయ వాదన ఎలా ఉన్నా, తరగతిలో ఇది పనికొచ్చే ఏర్పాటే. మూడోది భయం. ఎలైన్ హార్విట్జ్ బృందం 1986లో పరభాషా తరగతి ఆందోళనను కొలిచే ప్రశ్నావళి తెచ్చింది. నలుగురిలో తప్పు మాట్లాడతానేమోనన్న జంకును మన తరగతుల్లో చూడని టీచరు ఉండరు. రీడ్ సర్వేలో గుంపుపని వద్దన్న విద్యార్థుల్లో ఈ జంకు వాటా ఎంతో తరచి చూడాల్సింది. నాలుగోది కన్నూ చెవీ, ఈసారి శైలి అని కాక అక్షరాలా. బోర్డు మీద అక్షరాలు అలికినట్టు కనిపించే పిల్లవాడు టీచరు మాట మీదే ఆధారపడతాడు. అతన్ని ‘వినే రకం’ అని రాసేసుకునే ప్రమాదం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో కంటి వెలుగు కార్యక్రమం బడిపిల్లల కంటి పరీక్షలతోనే మొదలైంది. ఇంగ్లీషు టీచరుకు అంతకంటే ఉపయోగపడే ‘శైలి పరీక్ష’ లేదు. నిర్దిష్ట అభ్యసన వైకల్యాలను 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించింది. డిస్లెక్సియా ఉన్న పిల్లవాడికి అదనపు సమయం, చదివి వినిపించే మనిషి కావాలి. అది హక్కు, అభిరుచి కాదు.

ఎన్.ఎస్. ప్రభు ఇక్కడ గుర్తుకొస్తారు. 1979-84 మధ్య దక్షిణ భారత పాఠశాలల్లో ఆయన నడిపిన బెంగళూరు ప్రాజెక్టులో పాఠాలన్నీ రైళ్ల సమయపట్టికలు, పటాలు, దూరాలు లెక్కగట్టే పనుల చుట్టూ సాగాయి. పిల్లల ధ్యాస భాష మీద కాక అర్థం మీద ఉంటే వ్యాకరణం తనంతట తాను దారికొస్తుందన్నది ఆయన పందెం. ఇంతా చేసి 1990లో ఆయన, ఏ పద్ధతీ అందరికీ శ్రేష్ఠం కాదంటూ వ్యాసం రాశారు. టీచరులో ‘ఇది ఇలా పనిచేస్తుంది’ అనే సజీవమైన ఆలోచన ఉండటమే ముఖ్యమన్నారు. శైలుల వాదం ఆ ఆలోచనను ఒక ప్రశ్నావళికి అప్పగించేస్తుంది. అదే నా ప్రధానమైన ఫిర్యాదు.

శైలా, స్థాయా అన్నది మన దగ్గరే తేల్చుకోవచ్చు, ఖర్చూ పెద్దగా ఉండదు. ఒక జిల్లా విద్యా శిక్షణ సంస్థ పది బడులను ఎంచుకుని, ఎనిమిదో తరగతి పిల్లలకు ముందు వార్క్ లాంటి ప్రశ్నావళి తెలుగులో ఇవ్వాలి, వాళ్ల ఇంగ్లీషు స్థాయినీ కొలవాలి. నలభై కొత్త పదాలను సగం మందికి బొమ్మలతో, సగం మందికి ఆడియోతో నేర్పాలి. ఎవరికి ఏది అన్నది చీటీలు తీసి నిర్ణయించాలి, టీచర్లకు పిల్లల శైలి చెప్పకూడదు. రెండు వారాల తర్వాత ఒకే పరీక్ష పెట్టి, మార్కులను శైలితో ఒకసారి, ప్రారంభ స్థాయితో ఒకసారి పోల్చి చూడాలి. రెండో పోలికలోనే అసలు సంబంధం కనిపిస్తుందని నా అంచనా. అలా కాదంటే, ఈ వ్యాసాన్ని తిరగరాయడానికి నాకు అభ్యంతరం లేదు.